ఇప్పచెట్టు ముందు ఎర్ర పాదాలు

కిందటి వారం కథ భూపాలపల్లిలో, కాలనీ పార్కు గేటు దగ్గర ఆగింది. నా భుజానికి మక్బూల్ చాచా ఇచ్చిన పాత కెమెరా ఉంది. లోపల నా ఇప్పచెట్టు చుట్టూ జనం ఉన్నారు. చెట్టు కొట్టేస్తారని చిన్నమ్మ ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి, బస్సులో దారి పొడుగునా నా చెవుల్లో గొడ్డలి చప్పుడే. తీరా గేటు దాటాక వినిపించింది డప్పు చప్పుడు.

ఆ చెట్టు నాది ఎలా అయిందో ఒకసారి గుర్తు చేస్తాను. మానుకోటలో మా కాలేజీకి ఎదురుగా మక్బూల్ చాచా ఫోటో స్టూడియో ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా గోడ మీది ఫోటోలు చూస్తూ నిలబడే నన్ను ఆయనే లోపలికి పిలిచి కెమెరా పట్టుకోవడం నేర్పాడు. మనుషుల్ని తీయమంటే మాత్రం కెమెరా దించేసేదాన్ని. వాళ్లు తిరిగి మన వైపు చూస్తారు కదా. “అయితే చెట్లను తియ్యి బేటీ, అవి నిన్ను చూడవు,” అన్నాడు. అక్కను ఇచ్చిన జనగామలో పార్కు మూలన ఉన్న నిద్రగన్నేరు, కురవి దగ్గర మా చేను గట్టు మీది మోదుగ, చిన్నమ్మ ఉండే భూపాలపల్లిలో ఈ ఇప్ప. కాలం మారినప్పుడల్లా ఒక్కో చెట్టుకు ఒక్క ఫోటో.

చాచా పెట్టిన షరతు ఒక్కటే. “చెట్టు కదలదు. నువ్వు సుత కదలొద్దు. కాలం ఒక్కటే కదలాలె.”

ఆయన స్టూడియోలో నేల మీద రెండు పాదాలు గీసి ఉంటాయి. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాళ్లు వాటి మీద నిలబడితే చాలు, లైటు, కెమెరా అన్నీ సరిపోతాయి. నేనూ అదే పని చేశాను. శ్రావణంలో, పార్కులో ఎవరో పనికిరాదని పారేసిన షాబాద్ బండను ఈడ్చుకొచ్చి ఇప్పచెట్టుకు ఎదురుగా గడ్డిలో పరిచాను. చిన్నమ్మ వాళ్ల గేటుకు వేయగా మిగిలిన ఎర్రరంగును చెప్పకుండా తెచ్చి, బండ మీద నా పాదాల చుట్టూ గీత గీసి, అక్కడే నిలబడి మొదటి ఫోటో తీశాను. చలికాలంలో వచ్చి ఆ గీతల్లోనే నిలబడి రెండో ఫోటో తీశాను. అప్పుడు బండ మీద ఎవరో కుంకుమ బొట్టు పెట్టి ఉంటే, పిల్లల ఆట అనుకుని చున్నీతో తుడిచేశాను.

ఇప్పుడు ఫాల్గుణం. మూడో ఫోటోకు వచ్చాను.

జనం మధ్య నుంచి తల దూర్చి చూశాను. బండ చుట్టూ ఇటుకలు పేర్చి సిమెంటు పూసి చిన్న గద్దె కట్టారు. గద్దెకు వేపమండలు కట్టారు. గాజులు, నిమ్మకాయలు, సగం కాలిన అగరొత్తులు ఉన్నాయి. నా ఎర్ర గీతల మీద కుంకుమ దిద్ది దిద్ది అవి వేలంత లావు అయ్యాయి. గీతల లోపలంతా పసుపు. నా పాదాలే, నాకు తెలియనివాళ్ల పాదాల్లా ఉన్నాయి.

“చెప్పులు! చెప్పులిడువు పోరీ! అమ్మ ముంగట నిలబడ్డవ్!”

ఉలిక్కిపడి చెప్పులు విడిచాను. అరిచింది చిలుకమ్మ, ఈ పార్కు ఊడ్చే మనిషి. చలికాలంలో నేను ఫోటో తీసి వెళ్లిపోతుంటే గేటు దగ్గర చీపురు ఆపి, చెట్టును ఎందుకు ఫోటో తీశానని నవ్వుతూ అడిగింది. ఇవాళ ఆమె చేతిలో చీపురు లేదు, పసుపు గిన్నె ఉంది. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు ఉంది.

జనంలోంచి చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. “వచ్చినవా? మంచిగైంది. నీ చెట్టు ఇగ ఎటూ పోదు. అమ్మ కాపాడింది.”

“ఏ అమ్మ చిన్నమ్మా?”

“పాదాలమ్మ.”

“ఎప్పటి నుంచి ఉంది?”

“ఎప్పటి నుంచేంది? మొదటి నుంచీ ఉన్నదట. మేమే చూస్కోలే.”

పక్కనే ఉన్న పూల్‌సింగ్ తాత అందుకున్నాడు. ఆయన గనిలో పని చేసి రిటైరైన మనిషి. “గీడ కాలనీ లేదు బిడ్డా, అంత అడవే. జాతరకు పోయే బండ్లు గీ ఇప్పచెట్టు కిందనే ఆగేటియి. మా నాయిన మొక్కిండు గీ పాదాలకు.”

“మీ నాయిన ఎన్నడన్న డోర్నకల్ దాటిండా తాతా? రైలుపట్టాల కాడనే ఉద్యోగమంటివి మొన్న!” అని ఒకామె అంటే అందరూ నవ్వారు. పూల్‌సింగ్ తాత కూడా నవ్వాడు కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

“మరి ఎడమ పాదానికి నాలుగే వేళ్లున్నయేంది?” అని ఇంకెవరో అడిగారు.

నా చూపు నా కాళ్ల మీదికి పోయింది. నా ఎడమ కాలి చిటికెనవేలు పుట్టుకతోనే పక్క వేలి మీదికి ఎక్కి ఉంటుంది. చుట్టూ గీత గీస్తే నాలుగు వేళ్లే వస్తాయి. బళ్లో అందరూ నవ్వుతారని నేను ఎప్పుడూ ఎడమ కాలిని కుడికాలి వెనక దాచి నిలబడేదాన్ని. ఇప్పుడూ అలాగే నిలబడ్డాను.

చిలుకమ్మ గద్దె ముందు కూర్చుని, ఎవరినీ చూడకుండా చెప్పింది. “మా ఆయినకు షుగరు ముదిరి దవాఖానల వేలు తీసేసిండ్రు. గా దినాలల్ల నేను మొక్కని దేవుడు లేడు. ఆయినను ఇంటికి తోలిచ్చిన దినమే, మాపటికి ఊడుసుకుంట వచ్చిన. గడ్డిల ఎర్రగ కనపడ్డది. సూస్తే పాదాలు. ఎడమ కాలికి నాలుగే వేళ్లు. ఆయినకు ఎట్లున్నదో గట్లనే. నువ్వొక్కదానివే గాదే చిలుకా, నాకు సుత గిట్లనే ఉన్నదని అమ్మ చూపెట్టింది.”

డప్పు కొట్టే అతను కూడా ఆపేశాడు.

“పెద్ద గుళ్లల్ల నన్ను ఎన్కనే నిలబెడ్తరు,” అంది చిలుకమ్మ, పసుపు కలుపుతూ. “గీడికి అమ్మనే నడిచొచ్చింది. నేను ఊడ్చే జాగకు.”

కాస్త దూరంలో బెంచీ మీద కట్టయ్య తాత చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. ఆయనే చిలుకమ్మ భర్త. ఎడమ కాలికి గుడ్డ బూటు ఉంది. ఆయన గద్దె వైపు చూడటం లేదు. నా వైపు చూస్తున్నాడు. నేను చూపు తిప్పుకున్నాను.

చెట్టును చూశాను. అది ఒక్క ఆకు లేకుండా నిలబడి ఉంది. బెరడు నల్లగా, పలకలు పలకలుగా పగిలి ఉంది. కానీ ప్రతి కొమ్మ చివరా తుప్పురంగు మొగ్గల గుత్తి కిందికి వేలాడుతోంది. ఇంకొన్ని రోజుల్లో తెల్లవారుజామున పూలు రాలుతాయి, పార్కంతా తియ్యటి వాసన వేస్తుంది. ఆ తర్వాత రాగిరంగు చిగుళ్లు. ఈ మూడో ఫోటో లేకపోతే మొదటి రెండింటికీ అర్థం లేదని చాచా అన్నాడు. “ఆకులున్నప్పుడు అందరూ ఫోటో తీస్తరు. ఏమీ లేనప్పుడు తీసినోళ్లే చెట్టును చూసినట్టు.”

అప్పుడే మోటార్ సైకిల్ ఆగిన చప్పుడైంది. ఒక యువకుడు చుట్టిన కాగితం చంకలో పెట్టుకుని వచ్చాడు. ఈ చెట్టు కొట్టి పార్కులో నడక దారి వేసే, వ్యాయామ సామాను పెట్టే పని కాంట్రాక్టు తీసుకున్నవాళ్ల సైటు ఇంజనీరు. పేరు అరవింద్ అని చిన్నమ్మ చెవిలో చెప్పింది.

“మల్ల గదే పంచాయితా పెద్దమ్మా?” అన్నాడు అతను, విసుగూ నవ్వూ కలిపి. “నేను దేవునికి దుష్మన్‌ను కాదు. మా ఊర్ల పోచమ్మకు మా అమ్మ బోనమెత్తుతది. నిజంగ పాత జాగ అయితే దారి పక్కకు తిప్పుమని మా పెద్దసారే చెప్పిండు. మొన్న పుట్టిన అమ్మవారైతే తిప్పలేం.”

“అమ్మవారు మొన్న పుడుతదా సారూ? నువ్వు మొన్న పుట్టినవ్!” అంది చిలుకమ్మ.

అందరూ గొల్లుమన్నారు. అరవింద్ కూడా నవ్వాడు. “సరే, నేనే మొన్న పుట్టిన. అయినా గీ ఎండిపోయిన చెట్టు కోసం గింత లొల్లేందో నాకు సమజ్ కాదు.”

“ఎండలేదు సార్.”

ఆ మాట ఎవరన్నారా అని అందరూ చూశారు. నేనే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“ఏమన్నవమ్మా?”

“ఎండలేదు. ఆకు రాల్చింది అంతే. ఇప్ప ఈ కాలంలో ఇట్లనే ఉంటది. వానకాలంల చూస్తే మీరు కొమ్మలు సుత కనపడవు అంటరు.” ఒక్క ఊపిరిలో అనేసి, ఇంకేం చెప్పాలో తెలియక కెమెరా తెర మీద నా పాత ఫోటోలు చూపించాను. అంతకన్నా నాకు వచ్చిన భాష లేదు.

అరవింద్ కెమెరా తీసుకుని ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. మొదటి ఫోటోలో వానకు తడిసిన ఇప్పచెట్టు, ఆకు మీద ఆకు. దాని మొదటి కొమ్మ చీలిన చోట, వెనకనున్న నీళ్ల ట్యాంకు అంచు సరిగ్గా ఆనుతుంది. రెండో ఫోటోలో మంచు. ట్యాంకు మసగ్గా ఉన్నా, దాని అంచు అదే కొమ్మకు, అదే చోట ఆనుతుంది.

“అబ్బ! వెంట్రుకవాసి తేడా లేదు. ఎట్ల తీసినవ్ గిట్ల?” అతను నిజంగానే మెచ్చుకున్నాడు. నాకు ఒక్క క్షణం సంతోషమైంది. మరుక్షణం అతని మొహం మారింది. బటన్ నొక్కి ఫోటోను పెద్దది చేసి, కింది గడ్డినంతా వెతికాడు.

“ఇందుల బండ లేదు.”

అతను కెమెరాను జనం వైపు తిప్పి చూపించాడు.

“చెట్టున్నది, గడ్డున్నది, ట్యాంకున్నది. పాదాలమ్మ యాడున్నది? వానకాలంల లేదు, చలికాలంల లేదు. మరి మొదటి నుంచి ఉన్నదంటిరి?”

“అమ్మవారు ఫోటోకు చిక్కుతదా సారూ!” అన్నాడు పూల్‌సింగ్ తాత. “మా తండాల సుత గంతే. మా అమ్మవారు మేరామ యాడికి ఫోటో తీస్తే నల్లగ వస్తది.” చాలామంది తలలూపారు. అది నిజమే అన్నట్టు ఇంకొకామె గాలిలోకి దండం పెట్టింది.

అమ్మవారు ఫోటోకు చిక్కకపోవడానికి కారణం నాకొక్కదానికే తెలుసు. ఫోటోలో అన్నీ వస్తాయి, ఫోటో తీసే మనిషి నిలబడ్డ చోటు తప్ప. బండ నా కాళ్ల కింద ఉంది. చెట్టు పచ్చగా ఉందని చూపించబోయి చెట్టును నేనే పట్టించేలా ఉన్నాను.

“సరే, ఒక పని చేద్దాం,” అన్నాడు అరవింద్. “మాటలు ఎవలైనా చెప్తరు. మా పెద్దసారుకు ఫోటో కావాలె. అమ్మా, నువ్వు యాడ నిలబడి తీసినవో గాడనే నిలబడి ఇప్పుడొకటి తియ్యి. వానకాలంల నువ్వు నిలబడ్డ జాగ ఏదో తెలుస్తది. గద్దె నీ ఎన్కకు పడ్డదంటే, ఫోటోల రాలే గని అమ్మవారు పాతదే అని నేనే రాసిస్త. గద్దె మీదనే నిలబడ్డవంటే,” అని ఆగాడు, “గాడ అప్పుడు అమ్మవారు లేనట్టే. ఉన్న జాగ ఎవలు తొక్కుతరు?”

నేను చిన్నమ్మ వెనక్కి జరిగాను. చిన్నమ్మ నా మొహం చూసి, “పిల్లకు సిగ్గు సారూ, గిందరిల తియ్యదు,” అంది. అతను వినలేదు. రెండో ఫోటో తెరిచి ఉంచి కెమెరా నా చేతిలో పెట్టి, నా పక్కనే నిలబడ్డాడు.

నేను గద్దెకు బాగా ఎడమగా నిలబడి చెట్టును చూశాను. ట్యాంకు కొమ్మకు దూరంగా, విడిగా కనిపించింది.

“కాదు. జర కుడికి.”

కదిలాను.

“ఇంకా. ట్యాంకు అంచు కొమ్మకు ఆనాలె కదా. ఇంకా కుడికి.”

గడ్డి చల్లగా ఉంది. ఒక్కో అడుగుకూ జనం నోర్లు మూతపడుతున్నాయి. నేను ఎటు వెళుతున్నానో వాళ్లకు అర్థమవుతోంది. కావాలని ఒక అడుగు వెనక్కి వేశాను. అరవింద్ పట్టేశాడు. “వెనకకు కాదమ్మా, చెట్టు చిన్నగైతాంది. ముందుకు.”

ముందుకు వేశాను. నా బొటనవేలికి గద్దె సిమెంటు అంచు తగిలింది.

ట్యాంకు ఇంకా కొమ్మకు ఆనలేదు. ఇంకొక్క అడుగు. ఆ అడుగు ఎక్కడ వేయాలో నా ముందే ఎర్రగా గీసి ఉంది.

“ఆగు బిడ్డా.”

చిలుకమ్మ పసుపు గిన్నెతో వచ్చి నా ముందు కూర్చుంది. “ఆడపిల్ల అమ్మ కాడికి ఉత్త కాళ్లతోటి పోవద్దు. ఎవ్వలొచ్చినా పసుపు పెట్టే పంపిస్త. సారు ఏమన్న అనుకోని.” ఆమె గొంతులో బెదురు ఉంది. ఆ పసుపు పెట్టేంతసేపైనా ఆలస్యం చేద్దామనుకుందేమో.

కుడికాలికి మడమ నుంచి వేళ్ల దాకా పసుపు రాసింది. తర్వాత ఎడమ కాలు తన మోకాలి మీద పెట్టుకుంది. దాచుకోవడానికి కుడికాలు ఎదురుగా లేదు. ఆమె వేళ్లు ఒక్కో వేలు మీదుగా జరుగుతూ వచ్చి, చివర ఆగాయి. వెనక్కి వెళ్లి, మళ్లీ అక్కడికే వచ్చాయి. పక్క వేలి మీదికి ఎక్కిన నా చిటికెనవేలిని మెల్లగా పైకి లేపి చూసింది.

నెలల తరబడి రోజూ ఆ గీతల్లో కుంకుమ దిద్దిన వేళ్లు అవి. బండ వైపు తిరిగి చూడాల్సిన అవసరం కూడా వాటికి రాలేదు.

ఆమె తల ఎత్తింది. కోపంగా చూస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ లేవు. ఏదో లెక్క తప్పినప్పుడు మళ్లీ మొదటి నుంచి చూసుకునే మనిషిలా ఉంది ఆమె మొహం.

“గిది గిన్ని దినాలు దాసుకున్నవా బిడ్డా?” అంది, నాకు మాత్రమే వినిపించేలా.

వేలి గురించి అడిగిందో, దేని గురించి అడిగిందో నాకు తెలియలేదు. నేను తల ఊపాను.

“ఏమైంది పెద్దమ్మా? ఎక్కమను,” అన్నాడు అరవింద్.

ఎక్కితే చెట్టు పోతుంది. ఎక్కనంటే, ఎందుకు ఎక్కవని అడుగుతాడు. కానీ నా కాలు ఇంకా చిలుకమ్మ చేతుల్లో ఉంది. ఆ చేతుల మీద నుంచి దాటి ఆ బండను నేను తొక్కలేను. అది నేను ఈడ్చుకొచ్చిన బండే అయినా సరే. ఆ సంగతి ఒక్కటే నాకు స్పష్టంగా తెలిసింది.

కెమెరా తాడు మెడలోంచి తీసి అరవింద్ ముందుకు చాపాను.

“నేను తీసిన ఫోటో అక్కడి నుంచే సార్. అబద్ధం చెప్పను. కానీ ఇప్పుడు నేను ఎక్కలేను. అక్కడ అమ్మవారు లేదని మీకు నమ్మకముంటే, మీరే ఎక్కి తియ్యండి. కొమ్మకు ట్యాంకు ఆనుతది.”

జనంలో గుసగుస లేచింది. అరవింద్ కెమెరా అందుకున్నాడు. “దానికేముంది,” అన్నాడు. వంగి ఒక బూటు తాళ్లు విప్పాడు. మేజోడు తీసి బూటులో కుక్కాడు. అతని పాదం తెల్లగా, చిన్నపిల్లాడి పాదంలా ఉంది. గద్దె అంచున నిలబడి కాలెత్తాడు. పాదం ఎర్ర గీతల మీద గాలిలో ఉంది.

దింపలేదు. వాళ్లమ్మ ఎత్తే బోనం గుర్తొచ్చిందో, చుట్టూ ఉన్న కళ్లు చూశాడో. అతని మెడ మీద చెమట జారింది. ఇప్పచెట్టు నీడ, ఆకుల్లేని వట్టి కొమ్మల నీడ, అతని పాదం మీద పడి ఉంది.

“ఆగు సారూ.”

బెంచీ దగ్గర నుంచి కర్ర చప్పుడు వినిపించింది. కట్టయ్య తాత లేచి నిలబడ్డాడు. ఇంతసేపూ ఒక్క మాటైనా మాట్లాడని మనిషి.

“కాలు దించకు. ఊకె పాపం నీకెందుకు? గా పాదాలు గీసినోళ్లను నేను చూసిన. దవాఖాన నుంచి వచ్చిన దినం, చిలుక పని అయ్యేదాక గీ బెంచీ మీదనే కూసున్న. నా ముంగటనే గీసిండ్రు.”

“ఎవలు? ఎవలు తాతా?” ఒకేసారి అందరూ అటు తిరిగారు. అరవింద్ కాలు గడ్డి మీదికి వచ్చింది.

కట్టయ్య తాత నా వైపు చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు.

చిలుకమ్మ లేవలేదు. వెనక్కి తిరగలేదు. పసుపు చేత్తో నా ఎడమ పాదాన్ని, ఆ వేలు కనపడకుండా, గట్టిగా మూసి పట్టుకుంది.

“చెప్పకు,” అంది.